వికారాబాదు నుంచి బుధగ్రహం దాకా: అగ్నిపర్వతాల కథ

అగ్నిపర్వతం అనగానే మీకు ఏం గుర్తుకొస్తుంది? శంఖువు ఆకారంలో ఒక కొండ, కొండ కొనలో ఒక బిలం, అందులోంచి ఎగిసే పొగ, పక్కలనుంచి ఎర్రగా జారే లావా. డ్రాయింగు తరగతిలో అగ్నిపర్వతం బొమ్మ వేయమంటే అందరూ ఇంచుమించు ఇదే వేస్తారు. ఆ బొమ్మ తప్పేమీ కాదు. జపానులోని ఫ్యూజీ, ఇటలీలోని వెసూవియస్ చూడటానికి దాదాపు అలాగే ఉంటాయి. కాని అగ్నిపర్వతాలన్నీ ఇలాగే ఉంటాయని అనుకున్నామంటే ఇతర గ్రహాలమీద ఉన్నవాటిని మనం గుర్తుపట్టలేం. అంతెందుకు, మన తెలుగునేలమీద అవి వదిలివెళ్ళిన ఆనవాళ్ళనే గుర్తుపట్టలేం!

"మన దగ్గర అగ్నిపర్వతాలేమిటి?" అని మీకు సందేహం కలగవచ్చు. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

హైదరాబాదుకు వాయవ్య దిక్కున నిజాంపేట ఉంది. ఒకప్పుడు పొలాలూ బండరాళ్ళ గుట్టలూ ఉన్న పల్లె. సైబరాబాదులో కంప్యూటరు కంపెనీలు వెలిశాక అపార్టుమెంట్లతో నిండిపోయింది. అక్కడ పునాది కోసం కాస్త లోతుకు తవ్వితే చాలు, గట్టిబండ తగులుతుంది. ఆ బండ గ్రానైటు. దాని ముక్కనొకదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. గులాబిరంగు పలుకులు, తెల్లని పలుకులు, మధ్యమధ్య నల్లని చుక్కలు మామూలు కంటికే విడివిడిగా కనిపిస్తాయి. సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపల కరిగి ఉన్న రాయి పైకి రాకుండానే, లోతులోనే, చాలా నెమ్మదిగా చల్లారి గడ్డకట్టింది. అదే ఈ గ్రానైటు. నెమ్మదిగా చల్లారితే పలుకులు పెద్దవిగా పెరుగుతాయి. పటికబెల్లం సంగతి మీకు తెలుసు కదా! చక్కెర పాకాన్ని కదపకుండా రోజుల తరబడి ఉంచితేనే అంతంత పలుకులు కడతాయి.

ఇప్పుడు నిజాంపేటనుంచి పడమరగా ఓ 70 కిలోమీటర్లు వెళ్ళి వికారాబాదు చేరుకోండి. అక్కడ నేల మారిపోతుంది. రాయి నల్లగా, బరువుగా ఉంటుంది. ఎంత పరీక్షగా చూసినా పలుకులు కంటికి ఆనవు. కొన్ని రాళ్ళలో చిన్నచిన్న బుడగలవంటి చిల్లులు కూడా కనిపిస్తాయి. ఇది బసాల్టు. నేలపైకి పొంగి, గాలి తగిలి, పలుకులు పెరిగే వ్యవధి లేకుండానే గడ్డకట్టిన లావా ఇది. ఆ చిల్లులు లావాలోని వాయువులు బుడగలుగా తప్పించుకునేటప్పుడు మిగిలిపోయిన ఖాళీలు. వికారాబాదు పక్కనున్న అనంతగిరి కొండలు ఈ లావా పొరలతో ఏర్పడినవే. కొండ పైభాగాన ఎర్రగా చిల్లులు చిల్లులుగా కనిపించే రాయి కూడా ఈ బసాల్టే. వానకూ ఎండకూ లక్షల ఏళ్ళు నాని, శిథిలమై అలా తయారైంది. హైదరాబాదు మధ్యనుంచి పారే మూసీనది ఆ కొండల్లోనే పుట్టింది. అంటే మన మూసీ లావామీద పుట్టి గ్రానైటుమీద పారుతోందన్నమాట!

కొండేదీ లేని అగ్నిపర్వతం

ఇంత లావాను కక్కిన పర్వతం ఏదీ? అనంతగిరిమీద ఎంత వెతికినా బిలం దొరకదు. ఎందుకంటే అలాంటి పర్వతం అక్కడ లేనేలేదు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం పశ్చిమ భారతంలో భూమి పొడుగాటి నెర్రెలుగా విచ్చుకుంది. ఆ నెర్రెల్లోంచి లావా వరదలా పొంగి నేలంతా పరుచుకుంది. అది చల్లారాక మరో వరద, దానిమీద మరొకటి. ఇలా పొరమీద పొర పేరుకుపోయింది. పడమటి కనుమల్లో ఈ పొరలన్నిటి మందం కలిపితే 2 కిలోమీటర్లకు పైమాటే. తూర్పుకు వచ్చేకొద్దీ పలచబడి, వికారాబాదు ప్రాంతంలో అంచు తేలుతుంది. కోతకు గురైనది పోగా నేటికీ ఈ లావా సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు ఆక్రమించుకుని ఉంది. దీన్ని దక్కను ట్రాప్స్ అంటారు. పొరల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి కనుక, మెట్లు అనే అర్థంగల స్వీడిష్ మాటనుంచి ఆ పేరు వచ్చింది. మన పత్తి రైతులు ఇష్టపడే నల్లరేగడి నేలల్లో చాలాభాగం ఈ లావా చివికి మట్టిగా మారినదే.

డైనోసార్లు అంతరించినదీ ఆ కాలంలోనే. మెక్సికో దగ్గర పడిన పెద్ద ఉల్క ఒక కారణమని చాలామంది శాస్త్రజ్ఞులు ఒప్పుకుంటున్నారు. దక్కను లావా వదిలిన విషవాయువుల పాత్ర ఎంత అనే విషయంమీద వాదోపవాదాలు నేటికీ సాగుతున్నాయి. దాని గురించి రాస్తే అదే మరో వ్యాసం అవుతుంది.

గోదావరి జిల్లాల పిల్లలు "మాకేదీ?" అని అడగవచ్చు. రాజమహేంద్రవరానికి ఎదురుగా, గోదావరికి పడమటి ఒడ్డువైపు పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం ఊళ్ళున్నాయి. అక్కడి క్వారీల్లో కొట్టే నల్లకంకర ఇదే కాలపు బసాల్టు. ఇటు ఒడ్డున కాతేరు దగ్గర కూడా ఉంది. దక్కను లావా ప్రాంతానికి ఎంతో దూరాన, ఒంటరి ద్వీపంలా ఈ కాస్త లావా ఎక్కణ్ణుంచి వచ్చింది? పడమటి కనుమల వైపు పొంగిన లావాయే ఆనాటి నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడి సముద్రతీరానికి చేరిందని కొందరు శాస్త్రజ్ఞులు రాళ్ళ రసాయన పరీక్షల ఆధారంగా చెబుతున్నారు. అదే నిజమైతే భూమిమీద మనకు తెలిసిన అతి పొడవైన లావాప్రవాహాల్లో ఇదొకటి అవుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, శుక్రగ్రహం దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

చందమామలో మచ్చ

పున్నమినాడు డాబా ఎక్కి చంద్రుణ్ణి చూడండి. మీ అమ్మమ్మలు చూపించిన కుందేలు కనిపిస్తుంది. ఆ కుందేలును గీసిన నల్లని మచ్చలన్నీ లావా మైదానాలే! దుర్భిణి, రాకెట్టు ఏవీ లేకుండా, మామూలు కంటితో మీరు చూడగల పరలోకపు అగ్నిపర్వత ప్రదేశం ఇదొక్కటే.

పూర్వపు ఖగోళ శాస్త్రజ్ఞులు ఆ మచ్చలను నీళ్ళనుకుని సముద్రాలని పేర్లు పెట్టారు. నీళ్ళు లేవని తరవాత తేలినా పేర్లు మాత్రం నిలిచిపోయాయి. 1969 జూలైలో అపోలో-11 యాత్రికులు దిగింది ఆ 'సముద్రాల్లో' ఒకటైన ప్రశాంత సముద్రంలోనే. వారు దాదాపు 22 కిలోల రాళ్ళూ మట్టీ తెచ్చారు. వాటిలో ఉన్న నల్లరాయి ఏమిటో ఊహించగలరా? బసాల్టు! మన వికారాబాదు రాయికి దగ్గరి చుట్టమే. అయితే వయసులో మాత్రం తాతలకు తాత. దాదాపు 360 నుంచి 390 కోట్ల ఏళ్ళనాటిది. 2020 డిసెంబరులో చైనావారి చాంగే-5 నౌక మరోచోటునుంచి తెచ్చిన బసాల్టు సుమారు 200 కోట్ల ఏళ్ళదని తేలింది. చంద్రుడి కొలిమి అనుకున్నదానికంటే ఎక్కువకాలం మండిందన్నమాట.

చంద్రుడిమీద కూడా జరిగింది మన దక్కనులో జరిగినట్టి వరదే. పెద్దపెద్ద ఉల్కలు పడి ఏర్పడిన విశాలమైన గుంటల్లోకి నెర్రెల ద్వారా లావా పొంగి నిండింది. భూమిమీద బసాల్టు నీటికీ గాలికీ చివికి రేగడి అవుతుంది. అక్కడ నీరూ లేదు, గాలీ లేదు. అందుకే ఆ వరద ఆగిన తీరు దాదాపు ఆగినట్టే ఉండిపోయింది.

మరి తెల్లగా మెరిసే భాగం సంగతి? చంద్రుడు పుట్టిన కొత్తలో పైనంతా కరిగిన రాతి సముద్రంగా ఉండేదనీ, తేలికైన ఖనిజాలు పాలమీద మీగడలా పైకి తేలి గడ్డకట్టాయనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. తెల్లనిది ఆ మీగడ. నల్లనిది ఆ తరవాత దాన్ని చీల్చుకుని పొంగిన లావా. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దక్షిణ ధ్రువానికి చేరువలో దిగినప్పుడు ప్రజ్ఞాన్ బండి అక్కడి మట్టిని పరీక్షించింది. ఆ మట్టిలోని మూలకాల లెక్క ఈ మీగడ సిద్ధాంతానికి సరిపోయిందని 2024లో మన శాస్త్రజ్ఞులు ప్రకటించారు. శ్రీహరికోటనుంచి ఎగిరిన నౌక 450 కోట్ల ఏళ్ళనాటి సంగతికి సాక్ష్యం చెప్పిందంటే చిన్న విషయమా!

రెండు రాష్ట్రాలంత పర్వతం

1971 నవంబరు 14న, సరిగ్గా మన బాలల దినోత్సవంనాడు, మారినర్-9 అనే అమెరికా నౌక అంగారకుడి కక్ష్యలో ప్రవేశించింది. తీరా చూస్తే గ్రహమంతా దుమ్ముతుఫాను! ఎటు చూసినా పసుపుపచ్చని మసక తప్ప ఏమీ కనిపించలేదు. ఆ మసకలో నాలుగు నల్లని చుక్కలు మాత్రం కదలకుండా ఉన్నాయి. వారాలు గడిచి దుమ్ము అణిగేకొద్దీ తేలిందేమిటంటే, అవి నాలుగు బ్రహ్మాండమైన అగ్నిపర్వతాల శిఖరాలు. గ్రహాన్నంతా ముంచిన దుమ్ము కూడా వాటి తలలను ముంచలేకపోయింది.

వాటిలో పెద్దది ఒలింపస్ పర్వతం. ఎత్తు సుమారు 22 కిలోమీటర్లు. ఎవరెస్టుకు రెండున్నర రెట్లు. అడుగున వెడల్పు దాదాపు 600 కిలోమీటర్లు. మీ లెక్కల పుస్తకంలోని సూత్రంతో దాని విస్తీర్ణం కట్టండి. వ్యాసార్ధం 300 అనుకుంటే సుమారు 2 లక్షల 83 వేల చదరపు కిలోమీటర్లు వస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటి విస్తీర్ణం కలిపితే సుమారు 2 లక్షల 75 వేలు. ఆదిలాబాదునుంచి చిత్తూరుదాకా, జహీరాబాదునుంచి ఇచ్ఛాపురందాకా ఉన్న నేల అంతా ఆ ఒక్క పర్వతం పాదం కింద సరిపోతుంది! శిఖరంమీది బిలంలో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం ఇమిడిపోతుంది.

ఇంత ఎత్తని విని నిటారుగా ఉంటుందని ఊహించకండి. బోర్లించిన మూకుడులా ఉంటుంది. వాలు సగటున 5 డిగ్రీలే. సైకిలుమీద ఎక్కేయవచ్చు, అయితే 300 కిలోమీటర్లు తొక్కాలి. వాలుమీద నిలబడ్డవాడికి తాను పర్వతంమీద ఉన్నానన్న సంగతే తెలియదు. శిఖరం దిగంతం అవతలికి పోతుంది.

అంగారకుడు వ్యాసంలో భూమికి సగమే. అంత చిన్న గ్రహానికి అంత పెద్ద పర్వతం ఎలా వచ్చింది? ఇక్కడ మళ్ళీ మన దక్కను సాయం తీసుకోవాలి.

ఒక కొవ్వొత్తి వెలిగించి దాని మంటపైన ఒక రేకును నెమ్మదిగా జరపండి. (పట్టకారుతో పట్టుకోండి, చేతులు కాల్చుకోకండి.) రేకుమీద మసి ఒక గీతలా పడుతుంది. జరపకుండా ఒకేచోట ఉంచితే? మసి అంతా అక్కడే దట్టంగా పేరుకుంటుంది. భూమి పైపొర పెద్దపెద్ద పలకలుగా విడిపోయి, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతూ ఉంటుంది. దక్కను లావా పొంగినప్పుడు మన దేశం హిందూ మహాసముద్రం మధ్యలో, భూగర్భంలోని ఒక వేడిచోటుపైన ఉంది. తరవాత మన పలక ఉత్తరానికి జరిగిపోయింది. కింది మంట మాత్రం ఆరలేదు. లక్షదీవులు, మాల్దీవులు, మారిషస్, రీయూనియన్ వరసగా ఆ మంట వేసిన మసిగీతే. చెరకుతోటల పనికి 19వ శతాబ్దంలో వలసవెళ్ళిన మన తెలుగువారి సంతతి నేటికీ ఉన్న మారిషస్, అడుగునుంచి పైదాకా లావాతో తయారైన దీవి. రీయూనియన్ దీవిలో పితోన్ ద లా ఫూర్నేజ్ అనే అగ్నిపర్వతం ఇప్పటికీ తరచు లావా కక్కుతూనే ఉంది. వికారాబాదు రాయిని పుట్టించిన పొయ్యి ఇంకా వెలుగుతోందన్నమాట, వేల కిలోమీటర్ల దూరాన!

అంగారకుడి పైపొర అలా పలకలుగా కదలదు. రేకు కదలలేదు కనుక మసి ఒకేచోట పేరుకుంది. పైగా అక్కడ గురుత్వాకర్షణ భూమిమీద ఉన్నదానిలో 38 శాతమే. ఇక్కడ 100 కిలోలు తూగే బస్తా అక్కడ 38 కిలోలే తూగుతుంది. భూమిమీద ఇంత పర్వతం లేస్తే తన బరువుకు తానే కుంగిపోతుంది. అక్కడ నిలబడగలిగింది. మన మంగళయాన్ కూడా ఈ అగ్నిపర్వతాలను ఫోటోలు తీసింది. నాలుగు చుక్కల్లో ఒకటైన ఆర్సియా పర్వతాన్ని 2015 జనవరిలో పైనుంచి తీసిన ఫోటో ముచ్చటగా ఉంటుంది.

పాత ఫోటోల్లో దొరికిన సంగతి

గోలీసోడా తాగారా ఎప్పుడైనా? గోలీ బిగించి ఉన్నంతసేపూ సీసాలో నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. గోలీని లోపలికి నొక్కగానే బుస్సుమని పొంగుతాయి. నీళ్ళలో కరిగి ఉన్న వాయువు, పైనున్న ఒత్తిడి తగ్గగానే బుడగలుగా బయటికి వస్తుంది. శిలాద్రవంలోనూ నీటిఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గంధకపు వాయువులు కరిగి ఉంటాయి. అది పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి ఇవన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అగ్నిపర్వతం పేలడమంటే ఇదే.

ఇప్పుడు శుక్రగ్రహం చూడండి. తెల్లవారుజామునో సాయంత్రమో చుక్కలన్నిటిలోకి ప్రకాశవంతంగా కనిపించే ఈ గ్రహంమీద వేడి సుమారు 465 డిగ్రీలు. సీసం కరిగిపోతుంది. గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదానికి 90 రెట్లకు పైగా. సీసాకు గోలీ గట్టిగా బిగించినట్టే! అందుకే శుక్రుడిమీద లావాలోని వాయువులు తేలికగా విచ్చుకోలేవు. పేలుళ్ళు అరుదు, లావా కిమ్మనకుండా పొంగి పారుతుంది. పలచని లావా అయితే ఎంత దూరమైనా పారుతుంది. బాల్టిస్ అనే లావాకాలువ అక్కడ 6,800 కిలోమీటర్ల పొడవుంది. రాజమహేంద్రవరం చేరిన మన లావా పరుగుకు దాదాపు ఏడు రెట్లు! ముదురుపాకంలాంటి చిక్కని లావా అయితే పొంగినచోటే గుండ్రంగా, మందంగా నిలిచిపోతుంది. 25 కిలోమీటర్ల వెడల్పున్న దిబ్బరొట్టెల్లా కనిపించే గుట్టలు శుక్రుడిమీద వరసగా ఉన్నాయి. లావాతో నిండిన ఒక పెద్ద పీఠభూమికి లక్ష్మి అని మన దేవత పేరే పెట్టారు. దానిమీద రెండు పెద్ద అగ్నిపర్వత బిలాలున్నాయి.

ఇవన్నీ ఎలా తెలిశాయి? శుక్రుణ్ణి ఎప్పుడూ దట్టమైన మబ్బులు కప్పి ఉంచుతాయి. మామూలు కెమెరాతో లాభం లేదు. 1990నుంచి 1994దాకా మాజిలాన్ అనే నౌక రాడార్ తరంగాలను పంపి, మబ్బుల కిందినుంచి తిరిగివచ్చిన వాటితో గ్రహం పటం గీసింది. పెద్ద అగ్నిపర్వతాలే 1,600కు పైగా లెక్కతేలాయి. కాని అవి ఆరిపోయినవా, ఇంకా బతికి ఉన్నవా అన్న ప్రశ్న అలాగే మిగిలింది. ఇది ఉబుసుపోక వేసిన ప్రశ్న కాదు. శుక్రుడు పరిమాణంలో భూమికి కవలతోబుట్టువు. ఒకే పరిమాణంగల రెండు గ్రహాల్లో ఒకటి నందనవనమై, మరొకటి కొలిమి ఎందుకయిందో తెలియాలంటే ముందు దాని లోపలి పొయ్యి సంగతి తెలియాలి.

ఆ ప్రశ్నకు సమాధానం కొత్త నౌకలో దొరకలేదు, పాత పెట్టెలో దొరికింది. రాబర్ట్ హెర్రిక్, స్కాట్ హెన్స్లీ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు మాజిలాన్ తీసిన పాత చిత్రాలను ఓపికగా పక్కపక్కన పెట్టి పోల్చారు. 8 కిలోమీటర్ల ఎత్తున్న మాట్ పర్వతం దగ్గర ఒక బిలం 1991 ఫిబ్రవరిలో గుండ్రంగా, సుమారు 2.2 చదరపు కిలోమీటర్లు ఉంది. అదే ఏడు అక్టోబరులో చూస్తే వంకరటింకరగా మారి, సుమారు 4 చదరపు కిలోమీటర్లయింది. తొందరపడి "దొరికింది!" అనలేదు వాళ్ళు. రెండు చిత్రాలూ రెండు ఎదురెదురు వైపులనుంచి తీసినవి. చూసే వైపు మారితే ఆకారం మారినట్టు కనిపించవచ్చు కదా! అందుకని బిలం ఎలా ఉంటే ఏ వైపునుంచి ఎలా కనబడుతుందో కంప్యూటరుమీద లెక్కవేసి, మార్పు నిజమేనని తేలాకనే 2023 మార్చిలో ప్రకటించారు. మరుసటి ఏడాది ఇటలీ శాస్త్రజ్ఞులు అదే చిత్రాల్లో కొత్త లావాప్రవాహాలను కూడా పట్టారు. 30 ఏళ్ళకు పైగా ఆ సాక్ష్యం అందరి కళ్ళముందే ఉంది, పోల్చి చూసేవాడు కావలసివచ్చింది. శుక్రుడి చుట్టూ తిరిగే నౌకను పంపడానికి 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వమూ అనుమతి ఇచ్చింది. అందులోనూ రాడార్ ఉంటుంది.

అణిగిమణిగి ఉండని అయో

సౌరకుటుంబంలో అందరికంటే మహా కోపిష్ఠి ఒక గ్రహం కాదు, ఒక ఉపగ్రహం. గురుడి చుట్టూ తిరిగే అయో. మన చంద్రుడికంటే రవంత పెద్దది. అంత చిన్నది ఎప్పుడో చల్లారి చచ్చిపోయి ఉండాలి. మన చంద్రుడు చల్లారలేదా?

అయితే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులు, పీల్, కాసెన్, రేనాల్డ్స్ అనేవారు, అలా జరగదని లెక్కకట్టారు. ఒక ఇనప తీగను తీసుకుని ఒకేచోట పదిపదిహేను సార్లు ఇటూ అటూ వంచి, వంచినచోట తాకి చూడండి. చురుక్కుమంటుంది. అయో పరిస్థితి ఆ తీగ పరిస్థితే. అది గురుణ్ణి 42 గంటల 28 నిమిషాలకొకసారి చుట్టివస్తుంది. పక్కనున్న యూరోపా, గానిమీడ్ దాన్ని లయ తప్పకుండా లాగుతూ ఉండటంవల్ల దాని కక్ష్య గుండ్రంగా కాకుండా కాస్త కోలగా ఉండిపోయింది. అందువల్ల గురుడికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పోతూ, ఆ మహాగ్రహం ఆకర్షణకు నలుగుతుంది. నేల నేలంతా 100 మీటర్లదాకా ఉబ్బి దిగుతుంది. ఆ రాపిడికి లోపల రాయి కరిగిపోయి ఉండాలని ఆ ముగ్గురూ రాసిన వ్యాసం 1979 మార్చి 2న అచ్చయింది.

మూడు రోజులకు, మార్చి 5న, వాయేజర్-1 నౌక గురుడి పక్కనుంచి దూసుకుపోయింది. మార్చి 8న వెనక్కి తిరిగి అయోను ఒక ఫోటో తీసింది. అది శాస్త్రపరిశోధనకు తీసిన ఫోటో కాదు, నౌక దారి సరిగ్గా ఉందో లేదో వెనకనున్న నక్షత్రంతో సరిచూసుకోవడానికి తీసింది. దాన్ని పరిశీలిస్తున్న లిండా మొరబీటో అనే ఇంజనీరుకు అయో అంచున గొడుగులాంటి మసక ఆకారం కనిపించింది. కెమెరా లోపమా? వెనకనున్న మరో ఉపగ్రహమా? ఒక్కొక్క అనుమానాన్నే తోసిపుచ్చుకుంటూ వెళ్ళగా, చివరికి అది దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిసిన అగ్నిపర్వతపు ధార అని తేలింది. భూమి కాక మరో లోకంలో మండుతున్న అగ్నిపర్వతాన్ని మనిషి చూడటం అదే మొదటిసారి.

300 కిలోమీటర్లంటే హైదరాబాదునుంచి ఇంచుమించు విజయవాడ దాటేదాకా ఉన్న దూరం, నిట్టనిలువుగా! ఎలా సాధ్యం? మళ్ళీ గోలీసోడాయే. అయోమీద గాలి లేనట్టే లెక్క. సీసాకు గోలీయే లేదు. పైగా కిందికి లాగే గురుత్వాకర్షణ మన చంద్రుడిమీద ఉన్నంతే. అందుకని ఎగిసిన గంధకపు వాయువు, ధూళి గొడుగులా విచ్చుకుని వందల కిలోమీటర్ల దూరాన పడతాయి. అయో రంగులన్నీ ఆ గంధకానివే. ఇప్పటికి 400కు పైగా అగ్నిపర్వతాలను గుర్తించారు. వాటికి అన్ని దేశాల అగ్నిదేవతల, సూర్యదేవతల పేర్లు పెట్టడం ఆనవాయితీ. అగ్ని, సూర్య అనే బిలాలు కూడా వాటిలో ఉన్నాయి. జూనో నౌక 2023 డిసెంబరు 30న, మళ్ళీ 2024 ఫిబ్రవరి 3న 1,500 కిలోమీటర్ల దగ్గరిదాకా వెళ్ళి చూసివచ్చింది.

ఇంకా దూరం పోతే రాయి బదులు మంచు, లావా బదులు నీరు. 2005లో కాసీని నౌక శనిగ్రహపు చిన్న ఉపగ్రహం ఎన్‌సెలాడస్ దక్షిణ ధ్రువంనుంచి నీటిఆవిరి, మంచుపలుకులు చిమ్ముతున్నట్టు కనిపెట్టింది. 1989లో వాయేజర్-2 నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటన్‌మీద 8 కిలోమీటర్ల ఎత్తు నైట్రోజన్ ధారలు చూసింది. వీటిని అగ్నిపర్వతాలనడానికి నాకు నోరు రాదు, అగ్నే లేదు కదా! కాని లోపలి పదార్థం పైకి చిమ్మడమనే పని మాత్రం అదే.

త్యాగరాజు పేరుగల బిలం

చివరికి సూర్యుడికి అతి దగ్గరనున్న బుధుడు. ఈ గ్రహంమీది బిలాలకు కవుల, చిత్రకారుల, సంగీతకారుల పేర్లు పెడతారు. వాల్మీకి, కాళిదాసు ఉన్నారు. తిరువయ్యారులో ఉంటూ తెలుగులో కృతులు రచించిన త్యాగరాజస్వామి కూడా ఉన్నారు! మారినర్-10 నౌక 1974, 75లలో బుధుణ్ణి ఫోటోలు తీశాక, 1976లో ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు. అడ్డం సుమారు 97 కిలోమీటర్లు. ఇది ఉల్క పడి ఏర్పడిన గుంట, అగ్నిపర్వతం కాదు.

అయినా దీని ప్రసక్తి ఎందుకు తెచ్చానంటే, 2011నుంచి 2015దాకా బుధుడి చుట్టూ తిరిగిన మెసెంజర్ నౌక త్యాగరాజ బిలంలో రెండు వింతలు చూపించింది. బిలం అడుగున తెల్లగా మెరుస్తూ, చెదపురుగు తిన్నట్టు లోతులేని గుంటలు పరుచుకుని ఉన్నాయి. మధ్యలో ఒక గుంత, దాని చుట్టూ ఎర్రటి ధూళి పూత కనిపించాయి. ఆ గుంత పేలుడుతో లావాను చిమ్మిన అగ్నిపర్వతపు నోరని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. బుధుడిమీద పేలుడా! సూర్యుడి వేడికి తేలికైన పదార్థాలన్నీ ఏనాడో ఆవిరైపోయి ఉంటాయని అంతవరకు అనుకునేవారు. వాయువు లేని సోడా పొంగదు కదా. ఇటువంటి నోళ్ళు బుధుడిమీద మరికొన్ని కనిపించాయి. నేలలో గంధకం దండిగా ఉందని మెసెంజర్ పరికరాలు చెప్పాయి. తెల్లని గుంటలు కూడా అలాంటి తేలికైన పదార్థాలు రాతిలోంచి ఆవిరై పోవడంవల్ల నేల కుంగి ఏర్పడ్డాయని భావిస్తున్నారు.

బుధుడిమీద పెద్ద లావావరదలు సుమారు 350 కోట్ల ఏళ్ళ క్రితమే ఆగిపోయాయి. గ్రహం చల్లారేకొద్దీ ముడుచుకుని, వ్యాసార్ధంలో 7 కిలోమీటర్లదాకా తగ్గింది. పైపొర బిగుసుకుని లావా వచ్చే నెర్రెలు మూసుకుపోయాయి. గుంటలు మాత్రం చూడటానికి చాలా కొత్తగా ఉన్నాయి. వాటిపైన ఉల్కల దెబ్బలు దాదాపు లేవు. యూరప్, జపాన్ కలిసి 2018 అక్టోబరులో పంపిన బెపికొలంబో జంటనౌకలు 2026 నవంబరులో బుధుడి కక్ష్య చేరేలా లెక్కవేశారు. అవి ఈ గుంటలను మెసెంజర్ కంటే నిశితంగా ఫోటోలు తీస్తాయి. అప్పుడు శుక్రుడి విషయంలో చేసినట్టే, మెసెంజర్ ఫోటోలను ఒకపక్క, బెపికొలంబో ఫోటోలను ఒకపక్క పెట్టుకుని, త్యాగరాజ బిలంలో ఏదైనా గుంట పెరిగిందేమో ఎవరో ఒకరు కూర్చుని పోల్చి చూడాలి.